ఇంటికొక తెర: ఎవరి కన్నుల కొఱకు?

దసరా దగ్గఱపడిన కొలదియు గోదావరిఖనిలోని లక్ష్మీనగరు బజారు కళకళలాడుచుండును. సింగరేణి బొగ్గుగనుల సంస్థ తన లాభములో కార్మికులకు వాటా పంచునది ఈ దినములలోనే. 2024వ సంవత్సరమున, విస్తరణకై తీసి యుంచగా మిగిలిన లాభములో 33 శాతము, అనగా 796 కోట్ల రూపాయలు కార్మికుల వాటాగా ప్రకటింపబడెను. దీపావళికి వచ్చు బోనసు వేఱు. ఏడాది పొడుగున భూగర్భమున చెమటోడ్చి సంపాదించిన ఈ సొమ్ములో పిల్లల చదువులకు కొంత, అప్పులకు కొంత, బంగారమునకు కొంత పోవును. మిగిలిన దానితో నేడు కొన్ని యిండ్లవారు కొనుచున్న వస్తువు కంప్యూటరు తెర. దీనినే మానిటరు అందురు.

చీర కొన్న పిదప నచ్చకున్నచో పెట్టెలో దాచుకొనవచ్చును. తెర అట్టిది కాదు. ఒకసారి బల్లపై నిలిచినచో ఐదాఱేండ్లు దినదినమును మన కన్నుల యెదుటనే యుండును. కావున దానిని కొనుటలో గృహిణి చొరవ చేసికొనుట యవసరమని మా యభిప్రాయము. ఇందులకు మే మెఱిగిన ఒక యింటి సంగతి చెప్పెదము.

అది సింగరేణి వారి టి-2 క్వార్టరు. ఇంటి యజమాని గనిలో వారమున కొక షిఫ్టు చొప్పున పని చేయును. పెద్ద కుమార్తె హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేరు కచేరీ పనిని ఇంటినుండియే చేయును. కుమారుడు డిగ్రీ చదువుచున్నాడు. సాయంకాలము కంప్యూటరులో ఆటలాడును. తల్లి మధ్యాహ్నవేళ మగ్గం పని నేర్పు వీడియోలు చూచుచు, ఇరుగుపొరుగువారి రవికలకు పని చేసి నాలుగు రూకలు గడించును. రాత్రివేళ అందఱును కలిసి సినిమా చూతురు. ఒక్క తెరకు ఇన్ని కొలువులు!

బోనసు చేతికి రాగానే తండ్రీకొడుకులు పోయి 32 అంగుళముల వంపు తెరను తెచ్చిరి. పెద్దదైనకొలది మంచిదని తండ్రి తలంపు. ఆటకు వేగము కలదని కుమారుని సంతోషము. బల్ల లోతు రెండడుగులే. పది దినములు గడచునప్పటికి కుమార్తెకు తలనొప్పి పట్టుకొనెను. "అమ్మా, అక్షరాలు మంచుల ఉన్నట్టు కనబడ్తున్నయి" అని యామె మొఱపెట్టెను. రాత్రి షిఫ్టు దిగివచ్చి పగటిపూట పండుకొను తండ్రికి ఆ వెలుగు ముఖమున బడి నిద్ర కఱవయ్యెను. నిద్ర చాలక గనిలోనికి దిగుట యెంత ప్రమాదమో ఈ ప్రాంతపు స్త్రీలకు ఎవరును చెప్పనక్కఱలేదు. కుట్టుమిషను వద్దనుండి ప్రక్కచూపుగా చూచు తల్లికి రంగులు వెలసినట్లు తోచి, జరీకి పట్టుదారమునకు భేదము తెలియకపోయెను. కడకు కుమారునికైనను తృప్తి లేదు. అతని కంప్యూటరునకు ఆ తెర వేగమును అందుకొను శక్తి లేకపోయెను. అప్పుడు తల్లి యన్నది: "కొనేటప్పుడు నన్ను ఒక్క మాటన్న అడిగిండ్రా బిడ్డా?"

ఈ ప్రశ్నలోనే మేము చెప్పదలచిన దంతయు నున్నది. తెరను కొలుచుటకు పూర్వము ఇంటిని కొలువవలెను. దాని యెదుట నెవరు ఎక్కువసేపు కూర్చుందురు? ఎంత దూరమున కూర్చుందురు? ఆ గదిలో వెలుతురెట్టిది? అక్కడ పండుకొనువారెవరు? ఈ నాలుగింటికి బదులు తెలిసికొని పోయినచో, కొట్టువాడు చెప్పు అంకెలకు మనము బెదరనక్కఱలేదు.

మొదట పరిమాణము. తెరను ఒక మూలనుండి ఎదుటి మూలకు ఐమూలగా కొలిచి అంగుళములలో చెప్పుదురు. అయితే తెరయంతయు పిక్సెళ్లను సన్నని చుక్కల కూర్పు. చుక్కల సంఖ్యయే రిజల్యూషను. 1920 అడ్డముగా, 1080 నిలువుగా చుక్కలున్న తెరలు విరివిగా దొరకును. అన్నియే చుక్కలను 24 అంగుళముల తెరపై పఱచినచో అంగుళమునకు సుమారు 92 వచ్చును. 32 అంగుళములపై పఱచినచో 69 మాత్రమే. పిండి అంతయే, రొట్టె పెద్దది, కావున పలుచనయగును. మనము చెప్పిన యింట జరిగినది ఇదియే. 27 అంగుళముల తెర కావలెనన్న 2560 అడ్డము, 1440 నిలువు చుక్కలున్నది మేలు. అందు అంగుళమునకు సుమారు 109 చుక్కలుండును.

తెలుగు చదువువారికి ఈ సంగతి మఱింత ముఖ్యము. మన లిపిలో ద-ధ, ప-ఫ అక్షరములకు భేదము ఒక చిన్న గీత మాత్రమే. వత్తులు అక్షరము క్రింద ఇమిడియుండును. చుక్కలు పలుచనైనచో మొదట చెడునవి ఇవియే. కావున కొట్టులో మెఱుగుల బొమ్మలు చూచి మోసపోక, ఒక తెలుగు వార్తాపత్రిక పుటను మామూలు పరిమాణమున తెఱపించి, చేయి చాచినంత దూరమున కూర్చుండి చదువుడు. ద-ధలు కన్ను చిట్లింపకయే వేఱుగా కనబడినచో ఆ తెర పనికి తగినది. ఇందులకు శాస్త్రజ్ఞానమక్కఱలేదు, బడిలో నేర్చిన ఓనమాలు చాలును.

రెండవది రంగులు, నలుపు. తెరలలో ఐ.పి.ఎస్., వి.ఏ., ఓ.ఎల్.ఇ.డి. అని జాతులు కలవు. ఐ.పి.ఎస్. తెరను ప్రక్కనుండి చూచినను రంగులు అంతగా మాఱవు. ఐనను చీకటి గదిలో దాని నలుపు కొంచెము బూడిదవన్నె దేలును. వి.ఏ. తెరలో నలుపు చిక్కగా నుండును; ఐ.పి.ఎస్.లో వెలుగునకు నలుపునకు అంతరము వేయింటికి ఒకటి ప్రాంతమున నుండగా, ఇందులో మూడువేలకు ఒకటి వఱకు నుండును. కాని ప్రక్కనుండి చూచిన రంగులు తగ్గును, చీకటి దృశ్యములలో వేగముగా కదలు బొమ్మల వెనుక నీడ యీడ్చుకొని వచ్చును. ఓ.ఎల్.ఇ.డి.లో ప్రతి చుక్కయు తనంత తానే వెలిగి ఆఱును గనుక నలుపు నిజమైన నలుపే. వెల ఎక్కువ, ఒకే బొమ్మ గంటలకొలది కదలక నిలిచిన, కొంతకాలమునకు దాని మచ్చ తెరపై మిగులు భయము కలదు. దినమంతయు కచేరీ పనికి వాడు తెరకు ఇది ఆలోచింపదగిన విషయము.

నలుపు విలువ బొగ్గుగనులవారికి క్రొత్త గాదు. 2023లో వెలువడిన "దసరా" చిత్రము సింగరేణి గనుల చెంతనున్న పల్లెను కథాస్థలముగా గైకొన్నది. అట్టి చిత్రమును రాత్రి దీపమార్పి చూచువారు ఒకరిద్దఱే ఎదురుగా కూర్చుందురేని వి.ఏ. తెర సుఖమిచ్చును. చాపపై నలుగురు అటునిటు కూర్చుండి చూచు ఇంటికి, ప్రక్కనుండి కుట్టుపని చూచు తల్లికి ఐ.పి.ఎస్. తగినది. సినిమాలు సాధారణముగా తెరకంటె వెడల్పు కొలతతో తీయబడును గనుక, పైన క్రింద నల్లని పట్టీలు వచ్చుట తెర లోపము కాదని యెఱుగవలెను.

మూడవది వేగము. తెర సెకనుకు ఎన్నిమార్లు బొమ్మ మార్చునో దానిని హెర్ట్జులలో చెప్పుదురు. 60 హెర్ట్జుల తెరపై ఒక్కొక్క బొమ్మ సుమారు 17 మిల్లీసెకనులు నిలుచును; 144 హెర్ట్జుల తెరపై 7 మాత్రమే. పరుగులు, కాల్పులు గల ఆటలలో ఈ భేదము చేతికి తెలియును. కాని కంప్యూటరు కూడ సెకనుకు అన్ని బొమ్మలు తయారుచేయగలిగి యుండవలెను. గ్రాఫిక్సు కార్డు బలము లేనిచో వేగపు తెర ఎద్దులేని బండి వంటిది. అబ్బాయి అడిగినపుడు కోపపడక, "నీ కంప్యూటరు సెకనుకు ఎన్ని బొమ్మలు ఇచ్చును?" అని యడుగుడు. లెక్క చెప్పగలిగిన, అతని కోరిక న్యాయమైనదే. సినిమా సెకనుకు 24 బొమ్మలు. 60ని 24 నిశ్శేషముగా భాగింపదు గనుక ఒక బొమ్మ మూడుమార్లు, ఒకటి రెండుమార్లు చూపబడి కొంచెము తడబాటు పుట్టును. 120, 144 హెర్ట్జులు 24కు సరిపోవును. కావున మధ్యరకపు వేగము ఇంట అందఱికిని ఉపయోగమే.

త్రాడు విషయము మఱవరాదు. పాత హెచ్.డి.ఎమ్.ఐ. 1.4 రకపు త్రాడు, ద్వారము గలచోట 4కె తెర సెకనుకు 30 బొమ్మలే చూపగలదు. కంప్యూటరు వెనుకనున్న ద్వారముల ఫొటో తీసికొని కొట్టుకు పోవుట మంచిది. 32 అంగుళముల వఱకు గల తెరలకు మన దేశమున బి.ఐ.ఎస్. నమోదు తప్పనిసరి, ఆ ముద్రయు, వారంటీ కాలమును, చచ్చిన చుక్కలున్నచో మార్చి యిత్తురా లేదా యనుటయు ముందే విచారింపవలెను.

ఇక కన్నులు. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున బ్రిటను బొగ్గుగనులలో మసకదీపపు వెలుగున పని చేసినవారికి కనుగ్రుడ్లు తమంతట తామే ఆడుచుండు జబ్బు సోకెడిది. మంచి విద్యుద్దీపములు వచ్చిన పిమ్మట అది తగ్గిపోయెను. తెరవలన అట్టి జబ్బు రాదు. ఐనను కన్నునకు తగిన వెలుగు కావలెనను పాఠము ఒక్కటే. తెర ప్రక్క తెల్లకాగితము పట్టి చూడుడు. తెర దీపమువలె మండుచున్నచో వెలుగు తగ్గింపుడు. బూడిదవలె నున్నచో పెంచుడు. కిటికీ తెరకు ఎదురుగా గాని వెనుక గాని గాక ప్రక్కనుండవలెను. తెర పైయంచు కంటి మట్టమునకు మించరాదు. తెర చూచునపుడు మనము రెప్పలార్చుట తగ్గును. అందుచేతనే కన్నులు మండును. 20 నిమిషముల కొకసారి 20 అడుగుల దూరమున నున్నదానిని 20 సెకనులు చూచుట మేలు. నీలివెలుగు నాపు కండ్లద్దములు ఇందు కక్కఱలేదని అమెరికా నేత్రవైద్యుల అకాడమీ చెప్పుచున్నది. పిల్లలు దినమున కొంతసేపు ఆరుబయట ఆడుట వారి చూపునకు ఏ యద్దముకంటెను మంచిది.

ఓపెన్‌కాస్టు గనుల చెంతనున్న కాలనీలలో బల్లపై దుమ్ము తుడిచిన గడియకే మరల పేరును. తెరను ఆర్పి, చల్లారిన పిదప మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. నీళ్లు తెరపై చల్లరాదు. అద్దములు తుడుచు ఘాటైన మందులు పైపూతను చెఱచును.

మన క్వార్టరువారి కథ ముగింపు సంతోషకరమైనదే. వారు 32 అంగుళముల తెరను అమ్మక లోపలి గదిలో ఆఱడుగుల దూరమున గోడకు బిగించిరి. అంత దూరమున చుక్కలు కంటికి తెలియవు. దగ్గఱ బాధించిన తెరయే ఎదుట కూర్చున్నవారికి చక్కని సినిమా తెర యయ్యెను. మఱుసటి దీపావళి బోనసుతో 24 అంగుళముల ఐ.పి.ఎస్. తెర నొకదానిని పనిబల్లకు తెచ్చిరి. ఆ బల్లను గోడవైపు త్రిప్పి, తండ్రి పండుకొను మంచమునకు అడ్డముగా తెరచీర కట్టిరి. ఈ మాఱు కొట్టుకు పోయినవారిలో తల్లియు నుండెను. ఆమె తన సంచినుండి ఒక జరీ రవికముక్క తీసి, దాని ఫొటోను తెరపై పెట్టించి, రెండును ప్రక్కప్రక్కన చూచెను. మూడవ తెర యొద్ద, "ఇది మంచిగున్నది" అనెను. కుమార్తె ద-ధలు చదివెను. కుమారుడు హెర్ట్జులు లెక్కించెను. వెల చెల్లించుచు తండ్రి మాత్రము ఏమియు మాటాడలేదట. ఆ వారము అతనికి రాత్రి షిఫ్టు. మఱునాటి పగలు కంటినిండ నిద్రపోయెను.