అది ఎవరిది? దేనికి ఇచ్చారు?

కోల్‌కతాకు బదిలీపై వచ్చిన తొలి ఏడాది, రవీంద్ర జయంతికి మా శాఖ తరఫున ఓ కరపత్రం సిద్ధం చేశాను. ఒక వెబ్‌సైట్‌లో దొరికిన ఠాగూర్ గేయం తెలుగు అనువాదాన్ని అందులో పెట్టాను. ఠాగూర్ 1941లో మరణించారు. కాపీరైట్ గడువును 50 ఏళ్ల నుంచి 60కి పెంచాక, విశ్వభారతికి ఆయన రచనలపై ఉన్న హక్కు 2001 డిసెంబరు 31తో ముగిసింది. ఇక అడ్డేముందనుకున్నాను.

"అనువాదం ఎవరిదండీ?" అని మేనేజరు గారు అడిగేసరికి నీళ్లు నమిలాను. మూలంపై హక్కు తీరినా, అనువాదంపై హక్కు వేరుగా ఉంటుంది. గేయం తీసేశాకే కరపత్రం అచ్చుకు వెళ్లింది.

అప్పటి నుంచి వెబ్‌సైట్ అడుగున ఉండే కాపీరైట్ విధానం చదవనిదే ఏదీ తీసుకోను. చాలా ప్రభుత్వ వెబ్‌సైట్లు సమాచారాన్ని మార్చకుండా, మూలం పేర్కొని వాడుకోనిస్తాయి. కొన్ని ముందస్తు అనుమతి అడుగుతాయి. వాటిలోని ఇతరుల ఫొటోలకు, వ్యాసాలకు ఆ వెసులుబాటు వర్తించదు.

ఆ పక్కనే గోప్యతా విధానం కనిపిస్తుంది. సందర్శకుల ఐపీ చిరునామా వంటివి ఏవి నమోదవుతాయో, ఎందుకో అది చెబుతుంది. ఇక్కడా సూత్రం ఒకటే. గృహరుణం వివరాల కోసం ఒకరు మన వెబ్‌సైట్‌లో మొబైల్ నంబరు ఇస్తే, అది ఆ పనికే. బీమా పాలసీ అమ్మడానికి కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతిని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి.

గేయమైనా, ఫోన్ నంబరైనా వాడే ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకుందాం: అది ఎవరిది? దేనికి ఇచ్చారు?