గ్రుడ్డులోని పిల్లకు వ్రేళ్లు ఏర్పడు విధము



కోడి 21 దినములు పొదిగినచో గ్రుడ్డునుండి పిల్ల వెలువడుననుట మీ రెఱిగినదే. గ్రీకు పండితుడగు అరిస్టాటిలు క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమందే, పొదిగిన మూడు దినములకు గుండె నెత్తుటిచుక్కవలె కొట్టుకొనుటను వర్ణించెను. అయితే గుండె యెచ్చట, ఱెక్క యెచ్చట, వ్రేళ్లెన్ని యని నిర్ణయించున దేది?

ప్రతి జీవకణమునందును తల్లిదండ్రులనుండి సంక్రమించిన జన్యువులు వేలకొలది కలవు. గుండెకణమందును కాలికణమందును ఉన్న జన్యువు లవియే. భేదమెల్ల అవి మేల్కొనుటయందే యున్నది. ఒక్కొక్క తావున, ఒక్కొక్క వేళ, కొన్ని మాత్రమే పనిచేయును, తక్కినవి నిద్రించును. పూర్వము కరణములు ఇంట దస్త్రములన్నియు నున్నను, నాటి పనికి వలయు కట్టను మాత్రమే విప్పెడివారు గదా! ఇదియు నట్టిదే.

పొదిగిన మూడవ దినమున ఱెక్కలును కాళ్లును చిన్న మొగ్గలుగా పొడసూపును. 1968లో అమెరికాయందు సాండర్సు, గాసెలింగు అను శాస్త్రజ్ఞులు ఒక ఱెక్కమొగ్గ వెనుకటి అంచునుండి కొంచెము కణజాలము తీసి, వేఱొక మొగ్గ ముందటి అంచున నతికిన ఫలితమును ప్రకటించిరి. ఆ ఱెక్కయందు వ్రేళ్లు అద్దములోని ప్రతిబింబమువలె రెండు వరుసలుగా నేర్పడెను. ఆ వెనుకటి అంచున 'సోనిక్ హెడ్జ్‌హాగ్' అను జన్యువు మేల్కొని యుండుననియు, వ్రేళ్ల క్రమమునకు దాని సంకేతమే మూలమనియు 1993లో తేలినది.

ఈ జన్యువును మేల్కొల్పుటకు మీటవంటి భాగ మొకటి కలదు. సామాన్యముగా కోడికాలికి వ్రేళ్లు నాలుగు. సిల్కీ జాతి కోళ్లకు ఐదు. ఆ మీటయం దొక్క యక్షరమువంటి మార్పే దీనికి హేతువు. బొటనవ్రేలి ప్రక్క నధికమైన వ్రేలితో జన్మించిన కొందఱు మనుష్యులయందును ఆ మీటలోనే మార్పు లున్నట్లు 2003లో వెల్లడి యయ్యెను. కోడికిని మనకును ఈ యేర్పా టొక్కటియే యన్నమాట.

ఇది మన యిండ్లకు సంబంధించిన విషయము. బిడ్డ యాఱు వ్రేళ్లతో పుట్టినచో, గ్రహణవేళ తల్లి కత్తిపీట ముట్టెననియో, వెలుపలికి వచ్చెననియో నిందించువారు కలరు. చంద్రుని నీడ గర్భస్థపిండము యొక్క మీటలను కదల్పజాలదు. ఆ మార్పు తండ్రినుండియు రావచ్చును, తల్లినుండియు రావచ్చును, క్రొత్తగను కలుగవచ్చును; అందెవరి దోషమును లేదు. గ్రామమున పెద్దల మాటకు విలువ కలదు. కావున అట్టి సమయమున ఆ తల్లిపై నింద పడనీయక, బిడ్డను వైద్యునకు చూపుడని చెప్పుట మీబోంట్లకు తగిన ధర్మము.