ఊకొట్టే మనిషి ఉంటే…

నాలుగేళ్ల పిల్లలు చెప్పే కథ కప్పగంతులు వేస్తుంది. జాతరలో మొదలై, మధ్యలో పోయిన చెప్పు దగ్గర ఆగి, మళ్లీ రంగులరాట్నం ఎక్కుతుంది. ఐదేళ్లకు వరస కుదురుతుంది గానీ, అసలైన ఘట్టం రాగానే కథ అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పి ముగించడం ఆరేళ్లకు గానీ పట్టుబడదు. పరిశోధకులు కరోల్ పీటర్సన్, అలిసా మెకేబ్ ఈ మెట్లను 1983లో పుస్తకంగా తెచ్చారు. పిల్లల నోరు విప్పించడానికి వాళ్లు చేసిన పని నాకెంతో నచ్చింది. ముందు తామే ఏ సూది గుచ్చిన సంగతో చెప్పి, "నీకూ అలా అయిందా?" అని అడిగేవారు.

ఈ ఇద్దరూ బెవర్లీ జెసోతో కలిసి 1999లో మరో అధ్యయనం వెలువరించారు. పేద కుటుంబాల నుంచి 20 మంది పిల్లల్ని తీసుకున్నారు. వాళ్ల సగటు వయసు మూడున్నరేళ్లు దాటింది. వాళ్లలో కొందరి తల్లులకు చెప్పింది ఇదే: జరిగిపోయిన సంగతులు బిడ్డతో తీరిగ్గా మాట్లాడండి, అవును కాదులతో తేలిపోని ప్రశ్నలు వేయండి, "ఊఁ", "అలాగా" అంటూ వినండి. ఏడాదికి ఆ పిల్లల మాటల సంపద పెరిగింది. ఆ మరుసటి ఏడు చూస్తే కథనమే మెరుగుపడింది. ఎక్కడ, ఎప్పుడు జరిగిందో వినేవాళ్లకు తెలిసేలా చెప్పసాగారు. మనం ఊకొట్టకపోతే అమ్మమ్మలు కథ ఆపేసేవారు. ఇక్కడ ఊకొట్టే వంతు పెద్దలది.

ఎండని చేప కథ తీసుకోండి. ఎందుకు ఎండలేదని అడిగితే చేప గడ్డిమోపు మీద చెబుతుంది, మోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద… చివరికి చీమ దగ్గర తేలుతుంది. ప్రతి మలుపూ ఒక 'ఎందుకు'. నాలుగైదు సార్లు విన్న పిల్లలు మనం ఆగగానే తర్వాతి జవాబు తామే అందిస్తారు. అలా ఆగడం మర్చిపోకండి.

తప్పిపోయిన కప్పను వెతికే అబ్బాయి బొమ్మల పుస్తకం 1969లో వచ్చింది. అందులో కథ చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. అందుకే పరిశోధకులు దాన్ని ఐదు భాషల పిల్లలకు ఇచ్చి కథ చెప్పించారు. చిన్నవాళ్లు ఏ బొమ్మకా బొమ్మ చెప్పుకుపోతే, పెద్ద పిల్లలు అన్నిటినీ ఒకే వెతుకులాటగా అల్లారు.

వినేవాళ్లు లేనప్పుడూ పిల్లలు కథ అల్లుకుంటారు. ఒక అమెరికా పాప 21వ నెల నుంచి మూడేళ్ల దాకా నిద్రకు ముందు ఒంటరిగా చెప్పుకున్న కబుర్లను తల్లిదండ్రులు టేపు చేశారు. పరిశోధకురాలు కేథరిన్ నెల్సన్ 1989లో వాటిని పుస్తకం చేశారు. పక్క మీద తండ్రి చెప్పిన రేపటి సంగతులను, ఆయన వెళ్లాక, ఆ పాప తన మాటల్లో మళ్లీ పేర్చుకునేది.

షికాగో టీచరు వివియన్ పాలీ పిల్లలు చెప్పిన కథను చెప్పినట్టే రాసుకునేవారు. కథ ఒక్క వాక్యమైనా సరే, తరగతి అంతా కలిసి దాన్ని ఆడేది. రాసేటప్పుడు అర్థం కానిచోట ఆగి అడిగేవారు: పులి వేషం వేసే పిల్లవాడికి అది ఎటు నుంచి వచ్చిందో తెలియాలి కదా!