అంచులు కాస్త తగ్గిస్తే

ఫొటో మూలలు మసకబారడం లెన్సుకు పుట్టుకతో వచ్చిన లోపం. ఏటవాలుగా వచ్చే వెలుగు అంచులకు చేరేసరికి పలచబడుతుంది. సాదా లెన్సులో 45 డిగ్రీల వాలున వచ్చే కాంతి, లెక్క ప్రకారం, మధ్యలో పడేదాంట్లో నాలుగో వంతే. అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు లెన్సు గొట్టం కూడా పక్కల వెలుగుకు అడ్డొస్తుంది. ఒకటి రెండు స్టాపులు మూస్తే ఈ రెండోది చాలావరకు పోతుంది, మొదటిది పోదు. ఇప్పటి ఫోన్లు ఈ మసకను మనకంట పడకముందే సరిచేసేస్తాయి. అలా సరైన ఫొటోను తీసుకుని మనమే మళ్లీ అంచులు నల్లబరుస్తాం! దాని పేరే విన్యెట్.

విడ్డూరంగా ఉన్నా ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. మన చూపు ముందు వెలుగున్న చోటికే పోతుంది. పూల బజారులో మాల కడుతున్నావిడను నీడపట్టున ఫొటో తీశారనుకోండి. ఓ మూల తెల్లటి ప్లాస్టిక్ బకెట్ ఉంటే కన్ను ముందు దాన్నే పట్టుకుంటుంది. ఆ మూల వెలుగు తగ్గిస్తే, ముఖాన్ని ముట్టుకోకుండానే ముఖం తేటపడుతుంది. డార్క్‌రూమ్ రోజుల్లోనూ ఇదే పని. ఎన్లార్జర్ కింద మధ్యభాగానికి అట్టముక్క అడ్డుపెట్టి, అంచులకు మాత్రం ఇంకొన్ని సెకన్లు వెలుగు తగలనిచ్చేవారు. ఎక్కువ వెలుగు తగిలిన చోట ప్రింటు నలుపెక్కుతుంది. ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తన ‘ది ప్రింట్’ పుస్తకంలో ఈ అంచుల బర్నింగ్ గురించి రాశాడు.

ఇప్పుడైతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో విన్యెట్ ఎఫెక్ట్స్ కింద ఉంటుంది. అమౌంట్‌ను మైనస్ వైపు జరిపితే అంచులు నల్లబడతాయి. మిడ్‌పాయింట్ తగ్గిస్తే ఆ నీడ లోపలికి పాకుతుంది. అసలు కీలకం ఫెదర్: నీడ ఎంత మెల్లగా మొదలవ్వాలో చెప్పేది అదే. ఫెదర్ బాగా తగ్గిస్తే ఫొటోకు కోడిగుడ్డు ఆకారంలో కిటికీ కోసినట్టు ఉంటుంది. స్టైల్స్‌లో పెయింట్ ఓవర్‌లే ఉత్త నలుపు పూస్తుంది, బొమ్మ చప్పబడుతుంది. హైలైట్ ప్రయారిటీ నయం. జింప్‌లో ఫిల్టర్స్ మెనూలో, లైట్ అండ్ షాడో కింద విన్యెట్ దొరుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు.

లైట్‌రూమ్ విన్యెట్‌కు ఒక ఇబ్బంది ఉంది. అది ఎప్పుడూ ఫ్రేము నట్టనడుమనే కేంద్రంగా పట్టుకుంటుంది. మన పూలావిడ ఎడమవైపు కూర్చుని ఉంటే నీడ ఆమె భుజం మీద పడి, కుడివైపు ఖాళీ గోడ మెరుస్తుంది. అప్పుడు రేడియల్ మాస్క్ తీసుకుని ముఖం చుట్టూ గీసి, దాన్ని తిరగేసి, బయటి ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఫోన్లో స్నాప్‌సీడ్ అయితే విన్యెట్ మధ్యచుక్కను వేలితో ముఖం మీదికి జరిపితే చాలు. ఫొటోషాప్ వాడేవాళ్లు కర్వ్స్ లేయర్‌తో ఫొటో అంతా వెలుగు తగ్గించి, ముఖం దగ్గర మాస్క్‌ను నల్లని మెత్తటి బ్రష్‌తో తుడిచేస్తే మరింత పట్టు దొరుకుతుంది.

ఎంత వేయాలి? అంచులు నల్లబరిచారని చూసేవాళ్లకు తెలిసిపోతే ఎక్కువైనట్టే అని నా లెక్క. స్లైడర్‌ను నీడ స్పష్టంగా కనబడేదాకా లాగి, అక్కడి నుంచి సగానికి తగ్గించండి. ఫొటోను బొటనవేలంత చిన్నది చేసి, విన్యెట్‌ను ఆపుతూ వేస్తూ చూడండి. పెళ్లి ఆల్బమ్‌లలో ప్రతి పేజీకీ నల్లటి వలయం చుట్టేస్తే మాత్రం ముఖాలన్నీ సొరంగంలోంచి తొంగిచూస్తున్నట్టుంటాయి. పూర్తిగా తెల్లబోయిన ఆకాశం మీద విన్యెట్ వేయకండి, బూడిదరంగు మరకలా తేలుతుంది. దాన్ని క్రాప్ చేయడమే మేలు. నీలాకాశం మీదైతే జేపెగ్ ఫైల్లో చారలు చారలుగా విరగొచ్చు. కాస్త గ్రెయిన్ కలిపితే ఆ చారలు సర్దుకుంటాయి.