ఓడెక్కే ముందే లెక్క

విహార నౌకల మోజు మధ్యతరగతినీ పట్టుకుంది. ప్రకటనలోని ధరకూ చివరి రాత్రి చేతికొచ్చే బిల్లుకూ మధ్య తేడా ముందే తెలిస్తేనే సరదా సరదాగా మిగులుతుంది

నాలుగు రోజుల సముద్ర విహారంలో అది చివరి రాత్రి. పై డెక్ మీద సినిమా పాటలు హోరెత్తుతున్నాయి. కింద రిసెప్షన్ దగ్గర ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు కళ్లజోడు సవరించుకుంటూ మూడు పేజీల బిల్లును మళ్లీ మళ్లీ చదువుతున్నారు. పెళ్లయి 40 ఏళ్లు నిండిన సందర్భంగా, దాచుకున్న డబ్బుతో భార్య, కూతురు, మనవడిని వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి వచ్చారాయన. సర్వీస్ చార్జి, వైఫై, మనవడు తాగిన కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్‌లో ఒక పూట భోజనం, రేవులో బస్సు టూరు... అన్నీ కలిపితే టికెట్ ధరలో మూడో వంతు దాటింది. కౌంటర్‌లోని అమ్మాయి ఓపిగ్గా ఒక్కో పద్దూ చూపించింది. బిల్లులో తప్పేమీ లేదు. టికెట్ కొన్నప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని టిక్ పెట్టిన షరతుల్లో అన్నీ ఉన్నాయి. మాస్టారు ఆ పేజీ తెరవలేదు. ఆయన వెనుక వరుసలో నిలబడ్డ ఈ విలేఖరీ తెరవలేదు.

ఒకప్పుడు క్రూయిజ్ అంటే విదేశీ సంపన్నుల వ్యవహారం. 2021 సెప్టెంబర్‌లో కార్డేలియా సంస్థ ముంబై నుంచి గోవా, లక్షద్వీప్‌లకు నౌక నడపడం మొదలుపెట్టాక సీను మారింది. 2022 జూన్‌లో అదే నౌక విశాఖపట్నానికీ వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సింగపూర్ వెళ్లే తెలుగు కుటుంబాల ప్యాకేజీల్లో మూడు నాలుగు రోజుల ఓడ ప్రయాణం మామూలైపోయింది. అయితే రైలు, విమానం టికెట్ కొన్న అలవాటుతోనే ఓడ టికెట్టూ కొంటున్నారు. చిక్కంతా అక్కడే.

తలకు ఇంత అంటే ఎంత?

ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక క్యాబిన్‌లో ఇద్దరు ఉంటారన్న లెక్కతో వేసింది. ఒంటరిగా వెళ్తే రెండో మనిషి భారమూ చాలావరకు మోయాల్సిందే. రేవు రుసుములు, జీఎస్‌టీ తరచు విడిగా ఉంటాయి. సిబ్బందికి ఇచ్చే సర్వీస్ చార్జి లేదా టిప్పు తలకు, రాత్రికి ఇంత చొప్పున ఖాతాలో పడుతుంది.

ఉదాహరణకు, నలుగురున్న కుటుంబం మూడు రాత్రుల యాత్రకు తలకు రూ.25,000 చొప్పున లక్ష రూపాయలు కట్టిందనుకుందాం. రేవు రుసుములు, పన్నులు మరో రూ.20,000. సర్వీస్ చార్జి రాత్రికి తలకు రూ.500 అనుకుంటే రూ.6,000. హైదరాబాద్ నుంచి ముంబైకి విమానంలో రానూపోనూ తలకు రూ.10,000 చొప్పున రూ.40,000. ముందు రోజు హోటల్‌కు రూ.5,000. ఓడలో చల్లటి నీళ్ల సీసా అయినా కొనకముందే లక్ష కాస్తా రూ.1.71 లక్షలైంది. అంకెలు ఓడను బట్టి మారతాయి. వరుస మాత్రం మారదు. కొనేముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి.

ప్రధాన భోజనశాల, బఫే టికెట్‌లో భాగమే. పేరున్న ప్రత్యేక రెస్టారెంట్లు, మద్యం, శీతల పానీయాలు చాలావరకు అదనం. చాలా ఓడల్లో మద్యం ప్యాకేజీ తీసుకుంటే క్యాబిన్‌లోని పెద్దలందరూ తీసుకోవాలంటారు. తాగేది ఒక్కరే అయితే గ్లాసు లెక్కన కొనడమే నయం. కొన్ని సేవలను ఓడెక్కాక కాకుండా ముందే ఆన్‌లైన్‌లో కొంటే తక్కువకు వస్తాయి. రోజూ రాత్రి ఖాతా వివరాలు అడిగి చూసుకుంటే చివరి రోజు గుండె ఝల్లుమనదు.

ఫోన్ సంగతి మరీ ముఖ్యం. తీరం దాటాక ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు ఫోన్ దానంతటదే కలవవచ్చు. మామూలు అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ దానికి వర్తించకపోవచ్చు. ఓడ కదలగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం ఖర్చులేని జాగ్రత్త.

ఓడ ఆగదు

2024 మార్చిలో ఆఫ్రికాలోని సావో తోమే దీవిలో ఎనిమిది మంది ప్రయాణికులు ప్రైవేటు టూరు ముగించుకుని ఆలస్యంగా రేవు చేరారు. నార్వీజియన్ డాన్ నౌక కళ్లెదుటే ఉన్నా వారిని ఎక్కించుకోలేదు. తర్వాతి రేవులో ఓడను అందుకోవడానికి వారు దేశాలు దాటి తిరగాల్సి వచ్చింది. ఓడ కంపెనీ ఏర్పాటు చేసిన టూరు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది, లేదా ప్రయాణికులను తర్వాతి రేవుకు చేర్చే పూచీ కంపెనీదే. సొంతంగా టాక్సీ మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది కానీ ఆలస్యానికి బాధ్యత మనదే. అందుకే గడువుకు రెండు గంటల ముందే రేవుకు తిరిగి రావాలి. చూసుకోవాల్సింది ఓడ గడియారాన్ని. స్థానిక సమయం వేరుగా ఉండొచ్చు.

ఎక్కే రోజుకూ ఇదే సూత్రం. 2025 డిసెంబర్ తొలి వారంలో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పుడు పెళ్లిళ్లకే చేరలేకపోయినవారున్నారు. ఉదయం విమానం దిగి మధ్యాహ్నం ఓడెక్కుదామనుకుంటే, ఒక్క రద్దుతో మొత్తం టికెట్ గంగలో కలుస్తుంది. ముందు రోజే చేరడం దుబారా కాదు, చవకైన బీమా.

రేవు మారినా అడగలేం

2022 జూన్‌లో విశాఖ నుంచి బయలుదేరిన నౌక పుదుచ్చేరి తీరం దాకా వెళ్లినా, అక్కడ అనుమతి దొరక్క ప్రయాణికులు దిగలేకపోయారు. తుపాను, రేవులో రద్దీ, ప్రభుత్వ నిర్ణయం... కారణం ఏదైనా రేవును మార్చే, మానేసే హక్కు కంపెనీకి షరతులు కట్టబెడతాయి. చేతికొచ్చేది మహా అయితే ఆ రేవు రుసుము. కాబట్టి ఒక్క ఊరు చూడాలన్న కోరికతోనే ఓడ టికెట్ కొనకూడదు. రుతుపవనాల నెలల్లో ధర తగ్గితే కారణం సముద్రమే. వికారం చేసేవారు ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తు క్యాబిన్ అడగాలి. అక్కడ ఊపు తక్కువ.

కాగితాలు, డబ్బు

సింగపూర్‌లో ఓడెక్కి మలేసియా చూసి తిరిగి సింగపూర్‌లోనే దిగేవారు రెండోసారి ఆ దేశంలో ప్రవేశిస్తున్నట్టే లెక్క. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు. 2023 డిసెంబర్ 1 నుంచి మలేసియా భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చింది కానీ, ఇలాంటి సడలింపులు గడువుతో వచ్చేవి. ప్రయాణానికి ముందు అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోవాల్సిందే. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి. చాలా కంపెనీలు 24 వారాలు నిండిన గర్భిణులను ఎక్కనివ్వవు. ఈ మాట ఏజెంటు చెప్పడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న సామెత ఇక్కడ తిరగబడుతుంది. డబ్బు కట్టేదాకా మొక్కులన్నీ మనకే, కట్టాక మన ముఖం చూసేవారుండరు. పైగా కంపెనీలే మునిగిపోవచ్చు. 2019 ఏప్రిల్‌లో ముంబైలో ఆర్భాటంగా మొదలైన జలేష్ క్రూయిజెస్ 2020లోనే మూతపడింది. దాని నౌక 'కర్ణిక' తుక్కు కోసం గుజరాత్‌లోని అలంగ్ చేరింది. సింగపూర్ నుంచి ఓడలు నడిపిన జెంటింగ్ హాంకాంగ్ 2022 జనవరిలో దివాలా బాట పట్టింది. ఏజెంటు సొంత ఖాతాకో యూపీఐకో కాకుండా సంస్థ పేరిటే, వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టాలి. సేవ అందకపోతే డబ్బు వెనక్కి తెమ్మని బ్యాంకును అడిగే వీలు అందులో ఉంది. కంపెనీ పంపే బుకింగ్ నంబరును దాని వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి.

విదేశీ ప్యాకేజీపై వసూలు చేసే టీసీఎస్ రేట్లు 2023 నుంచి పలుమార్లు మారాయి. అది పోయిన డబ్బు కాదు. పాన్ నంబరు సరిగా ఇస్తే మన పన్ను ఖాతాలో కనబడుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. ఇక బీమా విషయానికొస్తే, మనదేశంలో తీసుకున్న మామూలు ఆరోగ్య పాలసీ సాధారణంగా విదేశీ చికిత్సకు పనికిరాదు. ఓడలోని డాక్టరు ఫీజు విడిగా చెల్లించాల్సిందే. బుక్ చేసిన వెంటనే ప్రయాణ బీమా తీసుకుని, బీపీ, షుగర్ దాచకుండా చెప్పాలి. దాచిన జబ్బే క్లెయిము తిరస్కరించడానికి సాకవుతుంది.

మోసం జరిగితే? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. రసీదులు, వాట్సాప్ సందేశాలు, ప్రకటన కాపీ దాచుకున్నవారిదే పైచేయి.

డబ్బు కన్నా విలువైన జాగ్రత్త ఒకటుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగి 32 మంది చనిపోయినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకు ఇంకా భద్రతా కసరత్తు జరగలేదు. ఆ తర్వాత నిబంధన మారింది. బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనో కసరత్తు చేయించాల్సిందే. సైరన్ మోగినప్పుడు సెల్ఫీలు ఆపి, లైఫ్ జాకెట్ ఎక్కడుందో, ఏ తలుపు గుండా వెళ్లాలో చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

మర్నాడు ఉదయం దిగేటప్పుడు మాస్టారు ఆ బిల్లును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నారు. వచ్చే ఏడాది సింగపూర్ వెళ్లాలని కూతురు ముచ్చటపడుతోందట. ఈసారి టికెట్ కొనేది ఆ కాగితం ముందు పెట్టుకునే అన్నారు. మనవడి కూల్‌డ్రింకుల పద్దు మాత్రం కొట్టేయరట.