తెల్లవారుజామున బండి అందుకోనప్పుడు

క్రిస్మస్ మాసము వచ్చినదంటే సంఘములలో ప్రయాణములు హెచ్చును. నాలుగు గంటలకే బయలుదేరి రెండు మూడు గ్రామముల ఆరాధనలకు వెళ్లవలెను. సరిగా ఆ వేళకే బండి మొరాయించును. రాత్రి పది వరకు చక్కగా తిరిగిన బండి, తెల్లవారేసరికి మూలుగుటయే గాని కదలదు. ఆరాధన కొంత ఆలస్యమైనను జరుగును. కాని 2005లో 108 వాహనములు వచ్చిన తరువాత కూడ, ప్రసవ వేదన పడుచున్న బిడ్డను ఆసుపత్రికి చేర్చుటకు అర్ధరాత్రి పొరుగింటి బండి కొరకు తలుపు తట్టుట మన పల్లెలలో ఉన్నదే. అప్పుడు అది అందుకొనకపోతే ఏమి చేయుదుము?

మేము మెకానిక్కులము కాము. అయితే సంఘపు పాత డీజిలు జీపుతో ఏండ్ల తరబడి తిరుగుచు, షెడ్డులో మేస్త్రీల ప్రక్కన నిలిచి నేర్చుకొన్నది ఒకటి కలదు. జేబులో చేయి పెట్టకముందు చెవి ఒగ్గవలెను. తాళము తిప్పగానే సెల్ఫ్ ఈడ్చుకొనుచు బరువుగా తిరుగుచున్నదా? లేక చురుకుగా తిరిగియు ఇంజను అందుకొనుట లేదా? మొదటిది కరెంటు లోపము, రెండవది చాలమట్టుకు ఆయిలు లేక నిప్పు లోపము. ఈ తేడా తెలియక పోగొట్టుకొన్న డబ్బు ఇంతంత కాదు.

మా సంఘములో ఒక సహోదరుడు అప్పు చేసి పాత కారు కొని అద్దెకు త్రిప్పుచున్నాడు. ఒక చలికాలమున ప్రతి ఉదయము నలుగురు త్రోయవలసి వచ్చెను. కొత్త బ్యాటరీ వేయించెను. రెండు వారములు బాగుండి మరల అదే కథ. ఇంకొక బ్యాటరీ కొరకు భార్య మెడలోని గొలుసు తాకట్టు పెట్టుటకు సిద్ధపడుచుండగా మాకు తెలిసి, బానెటు ఎత్తించి చూచితిమి. ఇంజనుకును బాడీకిని మధ్య ఉండు ఎర్త్ పట్టీ బోల్టు వద్ద త్రుప్పు పట్టి పొడిపొడిగా రాలుచుండెను. గరుకు కాగితముతో రుద్ది బిగించుటకు పావుగంట పట్టినది. గొలుసు మెడలోనే ఉన్నది.

కనుక సెల్ఫ్ బరువుగా తిరిగినచో మొదట హెడ్‌లైట్లు వేసి తాళము తిప్పి చూడండి. లైట్లు ఒక్కసారిగా మసకబారినచో బ్యాటరీ నీరసించినది, లేదా ఎక్కడో అతుకు చెడినది. లైట్లు తేటగా ఉండి 'టక్' మను శబ్దము మాత్రమే వచ్చినచో సెల్ఫ్ మోటారును చూపించవలెను. టెర్మినళ్ల మీద తెల్లని, పచ్చని పొడి ఉన్నచో మైనస్ వైరు ముందు విప్పి, తరువాత ప్లస్ విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరిన పిమ్మట బిగించి వాసలైను రాయండి. బిగించునప్పుడు మైనస్ చివరన. బ్యాటరీలో బోరునీళ్లు పోయరాదు, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. అక్కడ బీడీ వెలిగించు వారిని గట్టిగా వారించండి. ఛార్జింగు వేళ వచ్చు గాలి అంటుకొని పేలగలదు.

చవక మల్టీమీటరు ఒకటి ఇంట నుండుట మంచిది. రాత్రంతా నిలిచిన బ్యాటరీలో 12.6 వోల్టులు ఉన్నచో నిండుగా ఉన్నట్టు, 12.2 అయినచో సగము. ఇంజను ఆడుచుండగా 14కు అటు ఇటుగా చూపవలెను. లేనిచో డైనమో పని చేయుట లేదు, ఎన్ని బ్యాటరీలు మార్చినను వ్యర్థమే. ఒక రాత్రి మైనస్ వైరు విప్పి ఉంచినప్పుడు మాత్రమే ఉదయము చక్కగా అందుకొన్నచో, ఏదో దీపమో టేపురికార్డరో రాత్రంతా కరెంటు త్రాగుచున్నదని గ్రహించవలెను.

చలిని నిందింతుము గాని బ్యాటరీని నిజముగా తినివేయునది మన మే నెల ఎండ. చలిలో లోపలి రసాయన చర్య మందగించును, ఇంజనాయిలు చిక్కబడును, అందుచేత వేసవిలో కలిగిన బలహీనత అప్పుడు బయటపడును. లంబసింగి వైపు సేవచేయు కాపరులకు ఇది మాకంటె బాగుగా తెలియును.

ఇక సెల్ఫ్ చురుకుగా తిరిగియు అందుకొననప్పుడు, డీజిలు బండియైతే సైలెన్సరు వైపు ఒకరిని నిలబెట్టండి. తెల్లని పొగ వచ్చుచున్నదా? డీజిలు చేరుచున్నది గాని కాలుట లేదు. హీటరు ప్లగ్గులు చూపించండి. ఆ గుర్తు దీపము ఆరకముందే తొందరపడి సెల్ఫ్ కొట్టువారు అనేకులు. బుద్ధిలేని కన్యకలకు నూనె లేకపోయెను, వీరికి పది సెకన్ల ఓపిక లేదు. పొగయే రానిచో డీజిలు ఇంజనుకు చేరుటయే లేదు. రాత్రంతా నిలిచినప్పుడు పైపు అతుకులలో సన్నని గాలి చొరబడి, డీజిలు ట్యాంకులోనికి వెనుకకు జారిపోవును. ఫిల్టరు వద్ద చేతి పంపు ఉన్నచో గట్టిపడువరకు నొక్కి చూడండి. వెంటనే అందుకొన్నచో గాలి పట్టినదే. క్రింద డీజిలు మరక లేదే అందురు. ఆ పైపు పీల్చునది గాని నెట్టునది కాదు. ఆగియున్నప్పుడు కారకుండనే గాలిని లోనికి లాగుకొనగలదు. వాషర్లు మార్చించండి. ఇంజను గాలి పీల్చు గొట్టము వద్ద గుడ్డ కాల్చిపెట్టు పద్ధతి మానండి.

పెట్రోలు బండ్లకు స్పార్క్ ప్లగ్గులే మొదటి అనుమానము. పంపు ట్యాంకులో ఉన్న బండ్లలో తాళము రెండు మూడు మార్లు ఆన్ చేసి ఆపి, తరువాత సెల్ఫ్ కొట్టినప్పుడు సులువుగా అందుకొన్నచో పెట్రోలు ప్రెషరు రాత్రి జారిపోవుచున్నట్టు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్-6 బండ్లకు స్కానరు పెట్టి చూచుటయే మేలు.

ఏ బండియైనను సెల్ఫ్ పది సెకన్లకు మించి పట్టుకొనక అర నిమిషము ఆగవలెను. వేరొక బండి బ్యాటరీతో వైర్లు కలుపవలసి వచ్చినచో ఎర్రది ప్లస్‌నుండి ప్లస్‌కు, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండవ కొస చెడిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరముగా. అందుకొన్న పిమ్మట వెంటనే ఆపక అరగంటయైనను నడపండి.