పాడి పశువులలో పాలజ్వరము

మూడవ ఈత ఈనిన ముర్రా గేదె. సుఖముగా ఈనినది, మాయ వేసినది, మొదటి రోజుననే బిందెడు ముర్రుపాలు ఇచ్చినది. మరునాడు తెల్లవారుసరికి లేవలేక కూలబడి, తల డొక్కవైపు త్రిప్పి పెట్టుకొని ఉన్నది. దిష్టి తగిలినదని ఒకరు, గాలి సోకినదని ఒకరు అన్నారు. విత్తన క్షేత్రము చూడబోయిన నేను ఆ దొడ్డిలో అడుగుపెట్టుసరికి వెదురుగొట్టముతో నోట కషాయము పోయుచున్నారు. పశువైద్యుడు వచ్చి ఇంజక్షను ఇవ్వగా గేదె లేచి నిలబడినది. కాని ఊపిరితిత్తులలోనికి పోయిన కషాయము వలన నాలుగవ రోజున మరణించినది. రోగము కుదిరినను మన తొందరపాటే దానిని చంపినది. ఆ కుటుంబమునకు ఆ గేదె పాలే ఆధారము.

ఈ వ్యాధియే పాలజ్వరము. పేరులో జ్వరమున్నను ఒంటిలో వేడి ఉండదు; చెవులు, కాళ్ళు చల్లబడును.

కారణమేమి?

కండరములు పనిచేయుటకు రక్తములో కాల్షియం ఉండవలెను. 100 మిల్లీలీటర్ల రక్తరసములో ఇది సుమారు 9 మిల్లీగ్రాములు ఉండును. ఆవు రక్తరసమంతటిలో ఉన్న కాల్షియం 3 గ్రాములు మాత్రమే. 10 లీటర్ల ముర్రుపాలలో 23 గ్రాములు పోవును! ఆ లోటు ఎక్కడనుండి తీరవలెను?

మెడలో పారాథైరాయిడ్ అను నాలుగు చిన్న గ్రంథులు కలవు. కాలువలో మట్టము తగ్గగానే లస్కరు తూము ఎత్తినట్లు, రక్తములో కాల్షియం తగ్గగానే ఇవి ఒక హార్మోనును విడుదల చేయును. దానివలన ఎముకలు తమ నిలువనుండి కాల్షియంను వదలును. మూత్రపిండములు దానిని వృథాగా పోనీయవు. విటమిన్ డి చురుకై ప్రేవులు మేతనుండి ఎక్కువగా గ్రహించును. అయితే ఈ ఏర్పాటంతయు పూర్తిగా సాగుటకు రెండు మూడు దినములు పట్టును. పాలు మాత్రము ఈనిన వెంటనే దిగును. ఈ వ్యవధిలోనే పశువు కూలబడును. అందుకే ఈనిన మూడు దినములలో, మూడవ ఈత దాటిన మంచి పాడి పశువులకు ఇది ఎక్కువగా వచ్చును.

గుర్తించుట ఎట్లు?

మొదట మేత మానును, వెనుక కాళ్ళు తడబడును, మూతిపై చెమ్మ ఆరును. పిమ్మట రొమ్ముపై కూర్చుండి మెడ వంచును. ఆపైన ప్రక్కకు ఒరిగి స్పృహ తప్పును, కడుపు ఉబ్బును. ఆలస్యమైనచో కొద్ది గంటలలోనే ప్రాణము పోవచ్చును.

చేయవలసినవి

వెంటనే పశువైద్యుని పిలిపించవలెను. కాల్షియం బోరోగ్లూకోనేట్ మందును గుండెను పరీక్షించుచు నెమ్మదిగా నరములోనికి ఎక్కించవలెను. తొందరగా ఎక్కించినచో గుండె ఆగును. కావున ఇది తెలియనివారు చేయు పనికాదు. వైద్యుడు వచ్చులోగా ఇరుప్రక్కల గడ్డి మోపులు ఆనించి పశువును రొమ్ముపై కూర్చుండబెట్టవలెను. కూలబడిన పశువుకు మ్రింగు శక్తి ఉండదు. నోట ఏదియు పోయరాదు.

లేచిన తరువాత మరల పడిపోవచ్చును. ఒకటి రెండు దినములు పొదుగు పూర్తిగా పిండక, దూడకు కావలసినంత మాత్రమే తీయుట మంచిది.

ముందు జాగ్రత్త

చూడి పశువునకు ఎంత కాల్షియం మేపిన అంత మంచిదని పలువురు అనుకొందురు. ఈనుటకు ముందు రెండు మూడు వారములలో ఇది పొరపాటు. రక్తములో కాల్షియం నిండుగా ఉన్నచో లస్కరుకు పనియుండదు. అవసరమైననాడు తూము త్వరగా లేవదు. ఆ వారములలో లూసర్న్ వంటి పప్పుజాతి మేతను తగ్గించి, కాల్షియం మందులు మానవలెను. మెగ్నీషియం లోపించినచో హార్మోను ఆజ్ఞ పారదు కనుక దాని విషయము పశువైద్యుని సలహా తీసుకొనవలెను. ఈనిన తరువాత మాత్రము ఖనిజ లవణ మిశ్రమమును దినదినము తప్పక ఇవ్వవలెను.

మీ దొడ్డిలో ఈనబోవు పశువు ఉన్నచో నేడే మేత సరిచూచుకొనుడు. పశువైద్యశాల ఫోను నంబరును దొడ్డి గోడపై వ్రాసి ఉంచుడు. ఈనిన మూడు రాత్రులు లాంతరు పట్టుకొని ఒకసారి లేచి చూచుట కష్టమైన పనికాదు.